సమ్మతి సంతకం ఎవరి ముందు పెట్టించాలి?

నీలిగోరింట (దంతవైద్యురాలు)

అందరికీ నమస్కారం. కొన్నాళ్ళుగా మనసులో నలుగుతున్న సంగతి ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

నేను పనిచేసే చోట ట్రీట్‌మెంట్ కోఆర్డినేటర్ అనే ఉద్యోగం కొత్తగా వచ్చింది. నేను నోరు చూసి, ఎక్స్‌రే తీయించి, ఏం చేయాలో కంప్యూటర్లో ఎక్కించి పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళిపోతాను. ఆ పేషెంటును ముందుగదికి తీసుకెళ్ళి, స్క్రీన్ మీద బొమ్మలు చూపించి, ఏ పంటికి ఏం చేస్తారో, ఎన్నిసార్లు రావాలో, ఖర్చెంతో చెప్పి సమ్మతి పత్రం మీద సంతకం తీసుకునేది కోఆర్డినేటరే.

మొన్న ఒకావిడ రూట్ కెనాల్‌కి వచ్చి కూర్చున్నారు. నేను మత్తు ఇంజెక్షన్ చేతిలోకి తీసుకున్నాక అడిగారు: "నరం తీసేస్తారటగా, తీయకుండా కుదరదా డాక్టర్?" ఆ పంట్లో పిప్పి లోతుగా ఉంది కానీ నరం బతికే ఉంది. చల్లటిది తగిలితే జివ్వుమంటుంది, ఆ చల్లదనం పోగానే సర్దుకుంటుంది. రాత్రిళ్ళు నొప్పి లేదు. అలాంటి పన్నయితే పిప్పి జాగ్రత్తగా తీసి, నరాన్ని కాపాడే మందు పెట్టి మూసి చూడొచ్చు. నిలబడకపోతే అప్పుడు రూట్ కెనాల్. నేను రెండూ రాశాను. ఆవిడ దాకా చేరింది ఒక్కటే. సంతకం ఉంది, తేదీ ఉంది, కాగితంలో వంక పెట్టడానికేమీ లేదు.

ఇంజెక్షన్ పక్కన పెట్టి, కుర్చీ లేపి మాట్లాడాను. నరాన్ని కాపాడే ప్రయత్నం చేద్దామన్నారు, అదే చేశాం. కోఆర్డినేటర్ మీద నాకు కోపం లేదు. పని పంచుకోవడం తప్పని కూడా అనను. కానీ సమ్మతి అడగాల్సింది ఎవరు? ఇందులో ఎంతవరకు పంచవచ్చు? మీ మీ చోట్ల ఎలా జరుగుతోందో చెప్పండి.

ముందుగది (ట్రీట్‌మెంట్ కోఆర్డినేటర్)

మేడమ్, నేను వేరే చోట ఇదే ఉద్యోగం చేస్తున్నాను. నోరు తెరుచుకుని పడుకున్న మనిషి ప్రశ్నలు అడగలేడు. బయటికొచ్చి నా ఎదురుగా కూర్చున్నాక ఒక్కొక్కటీ బయటికొస్తాయి. నొప్పి పుడుతుందా, మర్నాడు పనికి వెళ్ళొచ్చా, ఇప్పుడే చేయించుకోవాలా, ఆర్నెల్లు ఆగితే ఏమవుతుంది? మొదటి రెండింటికీ చెప్పగలను. చివరిదానికి నా దగ్గర జవాబు లేదు. "ఆగితే పెరుగుతుందండీ" అనమని మాకు నేర్పారు. అన్ని పళ్ళకీ అది నిజం కాదని ఇన్నాళ్ళకు నాకూ తెలిసింది.

ఇంకో మాట. ఎంతమంది ప్లాన్‌కి ఒప్పుకున్నారో నెలాఖరున నా పేరు ఎదురుగా లెక్క వేస్తారు. రెండు దారులు చెబితే మనిషి ఆలోచించుకుని వస్తానంటాడు. ఒకటే చెబితే సంతకం పెడతాడు. మేడమ్ రాసిన రెండో దారి ఎక్కడ జారిపోయి ఉంటుందో నేను ఊహించగలను. మమ్మల్ని తప్పు పట్టే ముందు ఆ లెక్క పెట్టిందెవరో కూడా చూడండి.

పాతకాపు (దంతవైద్యుడు, రిటైర్ అయ్యాను)

అమ్మా నీలిగోరింటా, మంచి ప్రశ్న ఎత్తావు. కాస్త వెనక్కి వెళ్ళి చెప్తాను, ఓపిక పట్టండి.

మన వృత్తిలో పని చేతులు మారడం కొత్తేమీ కాదు. అమెరికాలో బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్ళో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు 1906లో తన అసిస్టెంట్ ఐరీన్ న్యూమన్‌కి గార తీయడం, పళ్ళు శుభ్రం చేయడం నేర్పాడు. 1913లో హైజీనిస్టుల కోసం బడి పెట్టాడు. జబ్బు వచ్చాక బాగుచేసే మనిషి ఒకరు, రాకుండా చూసే మనిషి ఒకరు ఉండాలన్నది ఆయన ఆలోచన. న్యూజిలాండ్ ఇంకా ముందుకు పోయింది. మొదటి ప్రపంచయుద్ధానికి వచ్చిన కుర్రాళ్ళ నోళ్ళు చూసి బెంబేలెత్తి, 1921లో వెల్లింగ్టన్‌లో ఆడపిల్లలకు శిక్షణ మొదలుపెట్టారు. వాళ్ళు బళ్ళలోనే పిల్లలకు ఫిల్లింగులు వేశారు, పాలపళ్ళు తీశారు. ఇవాళ డెంటల్ థెరపిస్టులంటున్నది వాళ్ళ వారసులనే. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 2009లో వాళ్ళకు చట్టంలో చోటిచ్చింది.

ప్రతిసారీ మనవాళ్ళలో చాలామంది "మా పని పోతోంది, రోగికి ప్రమాదం" అన్నారు. తర్ఫీదు సరిగ్గా ఉన్నచోట వాళ్ళు తమ పరిధిలోని పనిని చక్కగా చేస్తూ వచ్చారు. కాబట్టి చేతిపని పంచుకోవడానికి నేను ఎప్పుడూ అడ్డు చెప్పను. కానీ వాళ్ళందరిలో ఒక సంగతి గమనించండి. తాము చేసే పని గురించి తామే మాట్లాడతారు. హైజీనిస్టు చిగుళ్ళు చూస్తుంది, చిగుళ్ళ సంగతి చెబుతుంది, చిగుళ్ళ పని చేస్తుంది. చూసింది ఒకరు, చెప్పేది మరొకరు, చేసేది ఇంకొకరు అన్న ఏర్పాటు మాత్రం ఈ మధ్యది. నాకు బెంగ అక్కడే.

సమ్మతి తీసుకునే పని వేరేవాళ్ళకు అప్పగించవచ్చని కొన్నిచోట్ల నిబంధనలు ఒప్పుకుంటాయి. అయితే ఆ మనిషికి ఆ చికిత్స గురించి బాగా తెలిసుండాలి. అప్పగించినంత మాత్రాన మన బాధ్యత తీరదు.

కుర్చీలో మనిషి (పేషెంట్)

నేను డాక్టర్ని కాను. రాయవచ్చో లేదో తెలియక రెండుమూడు సార్లు మూసేసి మళ్ళీ తెరిచాను.

నాకు కింది దవడ పంటికి రూట్ కెనాల్ చేశారు. క్యాప్ కూడా వేశారు. తర్వాతెప్పుడో వేరే ఊళ్ళో ఇంకో పంటి కోసం ఎక్స్‌రే తీస్తే, అక్కడి డాక్టర్ గారు స్క్రీన్ వైపు చూసి, "దీంట్లో సూది ముక్క ఉండిపోయిందని మీకు చెప్పారా?" అని అడిగారు. వేరు చివరి దగ్గర సన్నటి తెల్ల గీత. నాకెవరూ చెప్పలేదు. పంటికి ఏమీ కాలేదు, నొప్పీ లేదు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముక్క ఉన్నందుకు కాదు. ఆ రోజు ఆ గదిలో ఉన్న ఇద్దరికీ తెలుసు, ఆ ముక్క ఎవరి నోట్లో ఉందో ఆ నాకు మాత్రం తెలియదు. అదే మింగుడుపడలేదు.

చెప్పి ఉంటే నేను గొడవ చేసేవాణ్ణా? బహుశా ఆ పూట కోపం వచ్చేది. కానీ మళ్ళీ వాళ్ళ దగ్గరికే వెళ్ళేవాణ్ణి.

నాడి (రూట్ కెనాల్ స్పెషలిస్ట్)

కుర్చీలో మనిషి గారూ, మీరు తప్పకుండా రాయాలి. ఈ చర్చకు మీలాంటి వాళ్ళే ముఖ్యం.

ఆ సూదిని మేం ఫైల్ అంటాం. వంపు తిరిగిన కాలువలో తిరిగీ తిరిగీ అలిసి ఒక్కోసారి విరుగుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళ దగ్గరా విరుగుతుంది. ఆ లోహం విషమేమీ కాదు, దానంతటదిగా చెడు చేయదు. అసలు ప్రశ్న ఏమిటంటే, ముక్క కింద ఉన్న భాగం శుభ్రపడిందా లేదా అని. మైక్రోస్కోప్ కింద బయటికి లాగవచ్చు, పక్కనుంచి దారి చేసుకోవచ్చు, వదిలేసి ఏటేటా ఎక్స్‌రే తీసి చూసుకోవచ్చు. లాగబోయి పంటిని మరీ తొలిచేస్తే మొదటికే మోసం వస్తుంది కాబట్టి వదిలేయడమే మేలనిపించే సందర్భాలూ ఉంటాయి.

ఇవన్నీ మాకు తెలిసినా మీకు ఆ రోజే చెప్పకపోతే న్యాయం కాదు. నేను పని మొదలుపెట్టే ముందే ఇలా జరిగే వీలుందని చెబుతాను. జరిగితే పంటి చుట్టూ బిగించిన రబ్బరు తెర (రబ్బర్ డ్యామ్) తీసి, కుర్చీ లేపి, ఎక్స్‌రే చూపించి నేనే చెబుతాను. ఇది అసిస్టెంట్ నోటితో చెప్పించే మాట కాదు. ముక్క ఎక్కడుంది, ఎంత పొడవుంది, ఏం అనుకున్నాం అన్నది రికార్డులో రాసి ఒక కాపీ ఇస్తాను. రేపు ఇంకో డాక్టర్ చూసినప్పుడు మీరే ముందుగా చెప్పగలగాలి.

పాఠం (డెంటల్ కాలేజీలో బోధిస్తాను)

నీలిగోరింట గారి ప్రశ్నకు చట్టం వైపునుంచి ఒక మాట. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు మాంట్‌గోమరీ కేసులో తీర్పు ఇచ్చింది. అది దంతవైద్యం కేసు కాదు, కాన్పు కేసు. మధుమేహం ఉన్న తల్లికి, కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కునే ప్రమాదం ఉందని డాక్టర్ చెప్పలేదు. మామూలుగా డాక్టర్లు ఏం చెబుతారన్నది కొలత కాదని, ఆ స్థితిలో ఉన్న మనిషి దేన్ని ముఖ్యమనుకుంటారో అది చెప్పాలని కోర్టు తేల్చింది. కింది జ్ఞానదంతం తీసేటప్పుడు పెదవికి, నాలుకకు స్పర్శనిచ్చే నరాలు దెబ్బతినవచ్చు. చాలావరకు తగ్గిపోతుంది, కొద్దిమందికి ఉండిపోతుంది. వేణువు వాయించే మనిషికి ఆ "కొద్దిమంది" అన్న మాట బరువే వేరు. ఆయన వేణువు వాయిస్తారని తెలుసుకోవాలంటే ఎవరో ఒకరు ఆయన్ని అడిగి ఉండాలి. అచ్చేసిన పత్రం అడగదు.

ఇక ఎక్స్‌రే మీద పిప్పి ఉన్నచోట రంగు గడి గీసి చూపించే ఏఐ సాఫ్ట్‌వేర్ల గురించి. మా విద్యార్థులకు ఇది పెద్ద పరీక్షయిపోయింది. పంటి మెడ దగ్గర, ఎనామిల్ అయిపోయి ఎముక ఇంకా మొదలుకాని సన్నటి జాగాలో, ఎక్స్‌రే కిరణాలు ఎక్కువగా దూసుకుపోయి నల్లటి పట్టీ కనిపిస్తుంది. దాన్ని సర్వైకల్ బర్నౌట్ అంటాం. చూడ్డానికి అచ్చం పిప్పిలాగే ఉంటుంది. కానీ పన్ను నిక్షేపంగా ఉంటుంది. దాన్నీ పిప్పినీ విడదీయాలంటే ఇంకో కోణంలో తీసిన ఫిల్మ్ చూడాలి, ప్రోబ్ అనే సన్నటి మొన ఉన్న పనిముట్టుతో ఆ అంచును తడిమి చూడాలి. యంత్రం ఫిల్మ్ చూస్తుంది, తడమలేదు. ఆ సాధనం చెడ్డదనను. అలిసిపోయిన కన్ను వదిలేసింది కూడా అది పట్టుకుంటుంది. అయితే తెర మీద ఎర్రగడి కనిపించగానే పేషెంటు మనసులో పిప్పి ఖాయమైపోతుంది. అప్పుడు "ఇది పిప్పి కాదండీ" అని చెప్పడానికి డాక్టర్ పక్కన ఉండాలి. ముందుగదిలో ఆ తెర తెరిచి చూపించడం నాకు అస్సలు సమ్మతం కాదు.

ఎనామిల్ దాటని తొలి మచ్చలకు ఫ్లోరైడ్ పూసి, తోమే తీరు మార్చి, కనిపెట్టుకుని ఉంటే చాలావాటిని ఆపవచ్చు. డ్రిల్లు పెడితే ఆ పన్ను జీవితాంతం రిపేర్ల లెక్కలోకి వెళ్ళిపోతుంది.

బాధ్యుడు (క్లినిక్ నడుపుతున్నాను, నేనూ దంతవైద్యుణ్ణే)

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. నేను ఎదురు చెప్పక తప్పదు.

కోఆర్డినేటర్ లేని రోజుల్లో మా దగ్గర డాక్టర్ రెండు నిమిషాలు మాట్లాడి పంపేవాడు. ఇప్పుడు కోఆర్డినేటర్ తీరిగ్గా కూర్చోబెట్టి చెబుతుంది. ఏది మేలు? డాక్టర్లందరూ మాటకారులు కారు. తలెత్తకుండా "క్యాప్ వేయాలి, వచ్చే వారం రండి" అనేవాళ్ళను నేను చూశాను. డాక్టరే అన్నీ వివరించాలంటే రోజుకు చూసేవాళ్ళ సంఖ్య తగ్గుతుంది. వాపుతో, చీముతో బయట కూర్చున్న మనిషి ఇంకా ఎక్కువసేపు కూర్చుంటాడు. ఆయనకూ మనం జవాబుదారులమే కదా?

ముందుగది గారు చెప్పిన నెలాఖరు లెక్క మా దగ్గరా ఉంది. అది అమ్మకాల కోసం పెట్టింది కాదు. ఒప్పుకోని వాళ్ళు ఎందుకు ఒప్పుకోలేదో తెలుసుకోవడానికి పెట్టాం.

నీలిగోరింట

సార్, బయట నొప్పితో కూర్చున్న మనిషి సంగతి నిజం. దానికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. కానీ ఎమర్జెన్సీలో వచ్చినవారికి చీము తీసి నొప్పి తగ్గించే పనికి సమ్మతి చిన్న మాటల్లో అయిపోతుంది. ఎక్కువసేపు పట్టేది తొందరలేని పనులకే: క్యాపులు, ఇంప్లాంట్లు, అందం కోసం ముందు పళ్ళు చెక్కి వేసే వెనీర్లు. తొందర లేదు కాబట్టే వాటి గురించి నింపాదిగా మాట్లాడవచ్చు.

లెక్క గురించి అడుగుతాను. ఒప్పుకోనివాళ్ళ కారణాలు ఎక్కడైనా రాస్తున్నారా, లేక అంకె ఒక్కటేనా?

చిగురు (హైజీనిస్ట్)

పాతకాపు గారు మా గురించి చెప్పినదానికి ధన్యవాదాలు. బ్రిటన్‌లో 2013 మే నుంచి దంతవైద్యుడి చీటీ లేకుండానే హైజీనిస్టు, థెరపిస్టుల దగ్గరికి పేషెంట్లు నేరుగా రావచ్చు. నేను పనిచేసే చోటా కొంత అలాగే ఉంది. నేరుగా వచ్చినవాళ్ళతో మాట్లాడే తీరే మారిపోతుంది, ఎందుకంటే నా వెనక ఇంకెవరో చెబుతారులే అని వదిలేయడానికి ఉండదు.

నేను చేసే ఒక చిన్న పని చెప్తాను. చిగురుకీ పంటికీ మధ్య లోతు కొలిచేటప్పుడు ఆ అంకెలు పైకి చదువుతాను, అసిస్టెంట్ రాసుకుంటుంది. మొదలుపెట్టే ముందు పేషెంటుకు చెబుతాను: "మూడు మిల్లీమీటర్ల వరకు ఫరవాలేదు, నాలుగు నుంచి మనం మాట్లాడుకోవాలి, ఎక్కడ రక్తం వస్తోందో కూడా చెప్తాను." ఇక చూడండి, రెండు, మూడు, రెండు అంటూ వెళ్తుంటే మనిషి నిశ్చింతగా ఉంటాడు. వెనక దవడ దగ్గర "ఆరు, రక్తం" అనగానే కనుబొమ్మలు ముడిపడతాయి. లేచి కూర్చోగానే ఆ ఆరు గురించే అడుగుతారు. నేను ఒప్పించాల్సిన అవసరమే రాదు.

నాకు నిజంగా కష్టమయ్యేది వేరే. శుభ్రం చేస్తుండగా గొంతు తగ్గించి అడుగుతారు: "పగిలిందని డాక్టర్ గారు ఈ పంటికి క్యాప్ అన్నారు. మీరు చెప్పండి, నిజంగా కావాలా?" పగులు నాకు కనబడదు. అంతమాత్రాన లేదని చెప్పలేను, కొరికించి చూస్తేగానీ దొరకని పగుళ్ళుంటాయి. ఉందని కూడా చెప్పలేను. తెలియదని తప్పించుకుంటే, అటూ ఇటూ మేమంతా ఒకటేనని ఆయన అనుకుంటాడు.

పాతకాపు

చిగురమ్మా, ఆ ప్రశ్నను ఆయన చేతే డాక్టర్ ముందు అడిగించు. "మంచి ప్రశ్న, ఇద్దరం కలిసి అడుగుదాం" అని డాక్టర్ని గదిలోకి పిలువు. ఏ ఆధారంతో క్యాప్ అన్నాడో నీ ఎదుటే చెప్పమను. చెప్పగలిగితే ఆ పేషెంటుకు ఇద్దరి మీదా నమ్మకం కుదురుతుంది. చెప్పలేకపోతే అది కూడా అక్కడే తేలడం మంచిది.

మైనపు అచ్చు (ల్యాబ్ టెక్నీషియన్)

మమ్మల్ని ఎవరూ పిలవరు కానీ అన్ని క్లినిక్‌ల చేతిపనీ మా బల్ల మీదికి వస్తుంది. స్కాన్ తెరిచామంటే పన్ను ఎంత చెక్కారో, అంచు ఎక్కడ ఆపారో అద్దంలో చూసినట్టు కనిపిస్తుంది. ఏ దెబ్బా లేని ముందు పళ్ళను మొద్దుల్లా చెక్కి ఆరు వెనీర్లకు ఆర్డరు వస్తే చెయ్యి ఆడదు. ఆ మనిషికి ముఖం తెలియదు, పేరు కూడా ఉండదు, నంబరుంటుంది. చెక్కిన ఎనామిల్ మళ్ళీ పుట్టదని ఆ నంబరుకు ఎవరైనా చెప్పారా అని ప్రతిసారీ అనుకుంటాను.

అంచు సరిగ్గా పడని స్కాన్ వస్తే నేను ఫోన్ చేసి మళ్ళీ తీయమంటాను. కొంతమంది డాక్టర్లు థాంక్స్ అంటారు, కొంతమంది ల్యాబ్ మారుస్తారు. అంచు గురించి మాట్లాడే హక్కు నాకుందని అనుకుంటున్నాను. అసలు ఆ పన్ను చెక్కాలా వద్దా అన్నది అడిగే హక్కు నాకుందా? కెనడాలో డెంచరిస్టులు పేషెంటును తామే చూసి కట్టుడుపళ్ళు చేస్తారు. వాళ్ళకు ఆ మాట్లాడే చోటుంది. నాకు లేదు.

నాడి

మైనపు అచ్చు గారూ, ఉంది. పనిని ఆపే హక్కు లేకపోవచ్చు, అడిగే హక్కు ఉంది. "డాక్టర్ గారూ, ముందు ఫొటోలు పంపుతారా, మైనంతో నమూనా చేసి పేషెంటుకు చూపిద్దామా?" అని అడగండి. చెక్కకముందే ఆ నమూనాను నోట్లో పెట్టి చూపిస్తే కొందరు "ఇంత వద్దు, ఆ ఒక్క పన్ను సరిచేయండి చాలు" అంటారు. నేను చూశాను.

పాలపళ్ళు (పిల్లల దంతవైద్యురాలు)

పిల్లల దగ్గర ఒక పద్ధతి ఉంది, 1959 నుంచి పుస్తకాల్లో ఉన్నదే: చెప్పు, చూపు, చెయ్యి. గాలి గొట్టాన్ని ముందు వాడి గోరు మీద ఊది చూపించి తర్వాత పంటి మీదికి తెస్తాం. చెయ్యెత్తితే ఆపుతానని మాటిస్తాం, ఎత్తితే ఆపుతాం. ఒక్కసారి ఆపకపోతే ఆ పిల్లవాడు మళ్ళీ నోరు తెరవడు. సంతకం తల్లిదండ్రులదే అయినా వాడి ఒప్పుదల నేనే సంపాదించుకోవాలి. పెద్దవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఇదంతా ఎందుకు వదిలేస్తామో నాకు తెలియదు.

పాఠం

బాధ్యుడు గారూ, 1997లో అమెరికాలో ఒక పత్రికా విలేకరి ఒకే నోటితో 50 మంది దంతవైద్యుల దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళు చెప్పిన ఖర్చుల్లో కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య తేడా యాభై రెట్లు దాటింది. ఒక పంటితో సరిపెట్టినవాళ్ళున్నారు, దాదాపు నోరంతా మార్చాలన్నవాళ్ళున్నారు. అందరూ మోసగాళ్ళని నేననను. మన వృత్తిలో నిజాయతీగా విభేదించే చోట్లు చాలా ఉన్నాయి. అందుకే "ఇంకో డాక్టర్ ఇంకోలా చెప్పవచ్చు, ఎందుకంటే ఇదీ కారణం" అన్న మాట పేషెంటుకు మన నోటినుంచే అందాలి. అది ముందుగది స్క్రిప్టులో పట్టదు.

బాధ్యుడు

నీలిగోరింట గారూ, మీరు అడిగాక తీసి చూశాను. కారణాల గడి ఉంది, ఖాళీగా ఉంది. అంకె మాత్రమే నింపుతున్నారు. ఆ అంకెను కోఆర్డినేటర్ పేరు ఎదురుగా పెట్టడం వచ్చే నెల నుంచి ఆపేస్తున్నాను. డాక్టరే ప్రతిదీ చెప్పాలన్నదానికి మాత్రం ఇంకా ఒప్పుకోను.

నీలిగోరింట

ప్రతిదీ అక్కర్లేదు సార్. మా చోట మాట్లాడి ఒక ఏర్పాటు చేసుకున్నాం, నచ్చితే చూడండి. నేను కుర్చీ వదిలే ముందు నా చేత్తో నాలుగు వాక్యాలు రాస్తున్నాను: ఏం కనిపించింది, చేయగలిగినవి ఏమిటి, ఏదీ చేయకపోతే ఏమవుతుంది, నాకు ఎక్కడ అనుమానం ఉంది. పేషెంటుకు చదివి వినిపించి, "ఇంట్లోవాళ్ళు అడిగితే ఏం చెబుతారు?" అని అడుగుతున్నాను. వాళ్ళు చెప్పేదాన్ని బట్టి ఏం అందలేదో తెలిసిపోతుంది. ఆ కాగితం వాళ్ళ చేతిలోనే ముందుగదికి వెళ్తుంది. తేదీలు, ఖర్చు, ఎలా కట్టాలి అన్నవి కోఆర్డినేటర్ చూసుకుంటుంది. తొందరలేని పనులకు అదే రోజు సంతకం తీసుకోవడం మానేశాం. చికిత్స రోజున నా ముందే పెడతారు.

ముందుగది

మేడమ్, ఆ కాగితం సంగతి మా డాక్టర్ గారికి చూపించాను. రాయడానికి ఒప్పుకున్నారు. నేను అడిగింది ఇంకొకటి: "ఆగొచ్చా?" అని ఎవరైనా అడిగితే నేను జవాబివ్వను, లోపలికి వచ్చి మిమ్మల్ని పిలుస్తాను, మీరు రావాలి అని. చేతిలో పని ఉంటే ఎలా అన్నారు. పని అయ్యేదాకా వాళ్ళను కూర్చోబెడతాను, కూర్చోలేకపోతే సాయంత్రం మీరే ఫోన్ చేయాలి అన్నాను. సరేనన్నారు. రేపటినుంచి మొదలు.

కుర్చీలో మనిషి

ఒక్కటి అడుగుతాను. ఆ నాలుగు వాక్యాల కాగితం, ఎక్స్‌రే కాపీ మేం అడిగితే ఇస్తారా? అడిగితే అనుమానిస్తున్నామని అనుకోరు కదా?

నాడి

అడగండి. చాలా దేశాల్లో అది మీ హక్కు. ఎక్స్‌రే ఫైల్‌ని ఫోన్‌కి పంపమనండి, స్క్రీన్‌ని ఫొటో తీసుకుంటే మాకు పనికిరాదు. తేదీ, పంటి నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి.